మొదటి కెమెరాకు జూమ్ లెన్స్: 55-250, 18-135, 75-300లలో ఏది మేలు?

కెనాన్ 1500డి లాంటి కెమెరా కొన్నవాళ్లకి కొన్నాళ్లకే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. దాంతో వచ్చిన 18-55 లెన్స్‌తో ఇంట్లో ఫొటోలు బాగానే వస్తాయి (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్; అంకె పెరిగేకొద్దీ దూరంలోనిది పెద్దగా కనిపిస్తుంది). కరెంటు తీగ మీద వాలిన పాలపిట్టని తీస్తే మాత్రం చుక్కంత కనిపిస్తుంది. జూమ్ కోసం వెతికితే ముందుకొచ్చేవి మూడు: ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం (ఎస్‌టీఎం ఒక రకం ఫోకస్ మోటారు), ఈఎఫ్-ఎస్ 18-135 ఐఎస్, ఈఎఫ్ 75-300 త్రీ. చేతిలో 18-55 ఉన్నవాళ్లు 55-250 తీసుకోవడమే మేలు. 18-135 కొందరికి బాగా నప్పుతుంది. 75-300 ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఆ పాలపిట్టతోనే లెక్క వేసి చూద్దాం. పిట్ట పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, తీగ 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 1500డిలో బొమ్మని పట్టే సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, దాని మీద అడ్డంగా 6000 పిక్సెళ్లు. 55 దగ్గర ఫ్రేములో 8 మీటర్ల వెడల్పు పడుతుంది, పిట్టకి దక్కేవి 240 పిక్సెళ్లు. 135 దగ్గర అవి 600 అవుతాయి. 250 దగ్గర ఫ్రేము 1.8 మీటర్లకి తగ్గి పిట్ట 1100 పిక్సెళ్లకి చేరుతుంది. 300లో 1330. మామూలు 4×6 అంగుళాల ప్రింటుకి అడ్డంగా 1800 పిక్సెళ్లు చాలు. అంటే 250తో తీసిన ఫొటోని కత్తిరించి వేయిస్తే పిట్ట ఫ్రేములో సగానికి పైగా నిండుతుంది. 135తో తీసింది మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. పక్షుల కోసం ఉప్పలపాడుకో నేలపట్టుకో వెళ్లాలనుకునేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

లెక్క ప్రకారం 75-300 గెలిచినట్టే కనిపిస్తుంది. పెట్టె మీద 300 అంకె, పైగా తక్కువ ధర చూసి చాలామంది దాన్నే తెచ్చుకుంటారు. దానిలో ఐఎస్ లేదు, అంటే చేతి వణుకుని సర్దే ఏర్పాటు లేదు. అసలు చిక్కు అక్కడే. 300 దగ్గర, ఈ సెన్సర్ మీద, చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ వేగం కనీసం 1/500 సెకను ఉండాలి. పొద్దు వాలాక గుడి గోపురం మీది కలశాలు తీస్తున్నారనుకోండి. 55-250లో ఐఎస్ ఆన్ చేసి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, 1/60 దగ్గర వరుసగా నాలుగు తీస్తే ఒకటో రెండో నిలకడగా వస్తాయి. ఎఫ్/5.6 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అది పెరిగితే వెలుతురు తగ్గుతుంది) దగ్గర దానికి ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపుతుందో చెప్పే అంకె) 800 సరిపోయే వెలుతురులోనే 75-300కి 6400 కావాలి. 1500డి మామూలు హద్దే 6400. కలశం అంచులన్నీ ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తాయి.

అది చాలక 300 దగ్గర ఎఫ్/5.6లో బొమ్మే మెత్తగా, అంచులు తేలకుండా ఉంటుంది, ఆకాశం ముందున్న కొమ్మల అంచులకి ఊదారంగు గీత అంటుకుంటుంది. ఎఫ్/8కి తగ్గిస్తే కొంత నయం, కానీ వెలుతురు ఇంకా సగం పోతుంది. మోటారు నిదానం, చప్పుడు ఎక్కువ. ఫోకస్ అవుతుంటే ముందు గాజు తిరుగుతుంది కాబట్టి పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) బిగిస్తే ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాలి. మీటరున్నర కంటే దగ్గరి వస్తువు దానికి ఫోకస్ కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చేతి గోరింటాకు తీయాలంటే వెనక్కి జరగాలి. 55-250 ఎస్‌టీఎం 85 సెంటీమీటర్ల నుంచే పట్టుకుంటుంది, 375 గ్రాములే, దాని ముందు గాజు తిరగదు. 'రేపు ఫుల్ ఫ్రేమ్ (ఇంకా పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కొన్నా 75-300 పనికొస్తుంది' అంటారు. పడుతుంది, నిజమే. ఈ మెతకదనం కూడా వెంట వస్తుంది.

ఇక 18-135. పెళ్లిళ్లు, ఊరి జాతరలు, ప్రయాణాలు తీసేవాళ్లకి ఇది మంచి లెన్స్. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం లెన్స్ మార్చేదాకా ఆగదు. 18 దగ్గర మండపం మొత్తం, మరుక్షణం 135 దగ్గర పెళ్లికూతురి ముఖం, ఒక్క తిప్పులో రెండూ దొరుకుతాయి. అక్షతలు, పసుపు, కుంకుమ గాల్లో ఎగిరే చోట కెమెరా నోరు తెరిచి లెన్స్ మార్చితే ఆ పొడి అద్దం వెనక్కి చేరుతుంది, తర్వాత ఆకాశం తీసిన ప్రతి ఫొటోలో మచ్చలు. 39 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లినా ఫోకస్ అవుతుంది. బరువు ఎస్‌టీఎం రకంలో 480, యూఎస్‌ఎం అనే మరో మోటారు రకంలో 515 గ్రాములు. ఫిల్టర్ సైజు మాత్రం 67 మిల్లీమీటర్లు. 18-55, 55-250 రెండూ 58 కాబట్టి ఆ జతకి ఒకే పోలరైజర్ చాలు.

యూఎస్‌ఎం రకానికి వీడియో కోసమని ఎక్కువ పెట్టేముందు మీ కెమెరా చూసుకోండి. 200డి టూ లాంటి డ్యుయల్ పిక్సెల్ (వీడియోలో సెన్సర్ మీదే వేగంగా ఫోకస్ పట్టే ఏర్పాటు) ఉన్నవాటిలో దాని కుదుపు లేని, చప్పుడు లేని ఫోకస్ బాగా ఉపయోగపడుతుంది. 1500డిలో ఆ ఏర్పాటు లేదు, వీడియోలో ఆ లెన్స్ వేగం అక్కరకు రాదు.

ఫంక్షన్ హాల్లో రాత్రిపూట ఈ మూడింటిలో ఏదీ గొప్పగా పని చేయదు. జూమ్ చివర అన్నీ ఎఫ్/5.6. ఐఎస్ మీ చెయ్యిని ఆపుతుందే గానీ తలంబ్రాలు పోసే చెయ్యిని ఆపలేదు. అక్కడ ఫ్లాష్ వాడాలి, లేదా 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం పెట్టుకోవాలి. దానిలోంచి సుమారు పది రెట్లు వెలుతురు వస్తుంది.

55-250తో పక్షులు తీసేటప్పుడు డయల్ టీవీ మోడ్‌లో (షట్టర్ వేగం మనమే ఎంచుకునేది) పెట్టి, కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1000 ఇవ్వండి. ఐఎస్‌ఓ ఆటోలో ఉంచండి, ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంబడించే పద్ధతి). 1500డిలో తొమ్మిది ఫోకస్ బిందువులున్నా నడిమిదే గట్టిది, దాన్నొక్కదాన్నే ఎంచుకోండి. సెకనుకి మూడే ఫొటోలు తీస్తుంది కాబట్టి రెక్క పైకి లేచే అదను చూసి నొక్కాలి. ట్రైపాడ్ మీద పెడితే ఐఎస్ ఆపేయండి.

పాతది కొంటుంటే ముందు పేరు పూర్తిగా చదవండి. ఎస్‌టీఎం అని లేకుండా ఐఎస్ టూ అని ఉంటే అది పాత 55-250. వణుకు ఆపుతుంది గానీ దాని ముందు గాజు తిరుగుతుంది, 1.1 మీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. తీరప్రాంతపు తేమకి, బీరువాలో నెలల తరబడి పెట్టిన లెన్సులకి ఇది త్వరగా పడుతుంది. 250కి లాగి షట్టర్ సగం నొక్కితే సన్నని రొద వినిపించి, వ్యూఫైండర్‌లో బొమ్మ తేలుతున్నట్టు నిలబడాలి. తర్వాత గోడకి న్యూస్‌పేపర్ అతికించి, కెమెరాని ఎదురుగా నిటారుగా పెట్టి, ఎఫ్/5.6లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక పక్క అక్షరాలు స్పష్టంగా, రెండో పక్క చెదిరినట్టు ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడి ఉండొచ్చు, తీసుకోకండి. తెచ్చుకున్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.