జంట పిల్లల పొట్టేలా, పిడికెడు జొన్నలా: గొర్రెల మందకు ఏది మేలు?

పోయిన నెల పెబ్బేరు శనివారం సంతలో ఒకాయన పొట్టేలు వీపు మీద చెయ్యేసి నాతో అన్నాడు: "తమ్మీ, ఇది జంట పిల్లల రక్తం. మందలో ఇడువు, వచ్చే ఈతకే ప్రతి గొర్రె రెండేసి పెడుతది." ధర మామూలు పొట్టేలుకు రెట్టింపు చెప్పాడు. పక్కనున్న ఇద్దరు అప్పటికే బేరానికి దిగారు. ఆయన మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మి మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ఒక ఈతలో ఎన్ని పిల్లలనేది ఆ ఎదలో గొర్రె ఎన్ని అండాలు విడుదల చేసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొట్టేలు ఎంత మేలు జాతిదైనా ఒక అండాన్ని రెండు చేయలేదు. దాని గుణం కూతుళ్లకు వెళ్తుంది. ఆ కూతుళ్లు పుట్టి, పెరిగి, ఎదకొచ్చి, ఈనేసరికి దాదాపు రెండేళ్లు పడుతుంది. "వచ్చే ఈతకే" అన్నది ఎవరు చెప్పినా నమ్మకండి.

గుణం మాత్రం నిజమైనదే. సుందర్‌బన్స్‌లో గారోల్ అనే పొట్టి గొర్రె ఉంది, జంట పిల్లలకు పేరు. అందులోని ఫెక్‌బి అనే జన్యువును మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు మన దక్కనీ నల్ల గొర్రెలోకి తెచ్చి, నారి సువర్ణ అనే రకాన్ని తయారు చేశారు. పొట్టేలుకు ఈ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి ఉంటే దాని కూతుళ్లన్నిటికీ అందుతుంది. ఒక్కరి నుంచే వచ్చి ఉంటే కూతుళ్లలో సగానికే. కొమ్ము చూసో రంగు చూసో ఇది తెలియదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. ఆ కాగితం చూపించమని అడిగితే సంతలో ఆయన మాట మార్చాడు.

సరే, నిఖార్సైన పొట్టేలే దొరికిందనుకుందాం. జంట పిల్లలు పుడితే ఏమవుతుందో మా దొడ్లో చూశాను. రెండేళ్ల కింద డిసెంబరులో తెల్లవారుజామున ఒక నెల్లూరు జుడిపి గొర్రె రెండు ఈనింది. మొదటిదాన్ని నాకుతూ తల్లి రెండోదాన్ని వదిలేసింది. నేను చూసేసరికి అది తడి గడ్డి మీద పడుంది. నోట్లో వేలు పెడితే లోపల చల్లగా ఉంది. గొంగడిలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టి, తల్లి ముర్రుపాలు పిండి, సూది తీసేసిన సిరంజితో కొద్దికొద్దిగా పట్టాం. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రోజు పావు లీటరు నుంచి అర లీటరు దాకా ముర్రుపాలు పడాలి. తల్లి దగ్గర రెండింటికీ సరిపడా లేవు. మూడో రాత్రి అది పోయింది. కడుపులో పిల్ల ఎదుగుదలలో మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. ఆ ఆరు వారాలూ మేం ఆ గొర్రెను ఎండు గడ్డి మీదే ఉంచాం. తప్పు మాదే. ఇప్పటికీ ఆ సిరంజి దొడ్లో కనిపిస్తే మనసు అదోలా అవుతుంది.

అందుకే నేను ముందు జొన్నల వైపు మొగ్గుతాను. ఎండాకాలం దాటేసరికి మన గొర్రెలకు ఎముకలు తేలుతాయి. అలాంటివి ఎదకు ఆలస్యంగా వస్తాయి, లేదా కట్టినా నిలవదు. ఒక ఎద తప్పితే మళ్లీ 17 రోజులు ఆగాలి. పొట్టేలును వదలడానికి రెండు వారాల ముందు నుంచి, వదిలాక ఇంకో వారం, గొర్రెకు రోజుకు పావు కిలో జొన్నలో మొక్కజొన్నో పెడితే ఖాళీగా మిగిలేవి తగ్గుతాయి. మొదటి రోజే పావు కిలో పోయకూడదు, కడుపు చెడుతుంది. పిడికెడుతో మొదలుపెట్టి పెంచాలి. బాగా కండ పట్టిన గొర్రెకు దీనితో ఒరిగేది తక్కువ, బక్కదానికే లాభం. దీంతో నెల్లూరు గొర్రె జంటలు ఈనుతుందని నేను చెప్పను. కానీ లెక్క చూడండి: నలభై గొర్రెల్లో పది ఖాళీగా ఉంటే, వాటిలో ఏడు చూలు కట్టినా ఏడు పిల్లలు ఎక్కువ. అవీ ఒంటిగా, మూడు కిలోల బరువుతో పుట్టి తల్లి పాలన్నీ తాగేవి. దీనికైన ఖర్చు రెండు క్వింటాళ్ల గింజలు.

ఉన్న పొట్టేలు సంగతి కూడా చూడాలి. దాని వీర్యం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. అంటే మే ఎండ దెబ్బ జూన్‌లో, జూలైలో బయటపడుతుంది. గొర్రెలు ఎదకొచ్చినా కట్టకపోతే దోషం గొర్రెలదే అనుకుంటాం. పాతిక, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు ఉండాలి, రెండేళ్లకోసారి మార్చాలి. మార్చకపోతే సొంత కూతుళ్లనే దాటుతుంది, పిల్లలు బలహీనంగా పుడతాయి. మందలో గొర్రెలు వరసగా ఈసుకుపోతుంటే, అంటే నెలలు నిండకముందే పిల్లలు పడిపోతుంటే మాత్రం దాణాతో, పొట్టేలుతో సరిపెట్టుకోకుండా బ్రూసెల్లా అనే అంటురోగానికి పరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుతుంది, పడిన పిల్లను ఉత్త చేతులతో తీయొద్దు.

మేకలకు మారితే? జంట పిల్లలే కావాలనుకుంటే అదే దగ్గరి దారి. ఉస్మానాబాదీ మేక రెండో ఈత నుంచి తరచూ రెండు పెడుతుంది. కానీ నల్గొండ వైపు బత్తాయి తోటల్లో గొర్రెలను రానిస్తారు, మేకలను రానివ్వరు. ఎరువు కోసం చేలల్లో రాత్రి మంద ఆపితే వచ్చే డబ్బూ ఎక్కువగా గొర్రెలదే. ఇంటి దగ్గర నాలుగైదు పెంచుకునే ఆడవాళ్లకు మేకే నయం. వంద జీవాలతో కృష్ణ ఒడ్డుకు వలస పోయేవాళ్లకు కాదు.

వలస పోయే మందకు జంట పిల్లల పొట్టేలు కూడా నేను వద్దనే అంటాను. దారిలో రెండేసి పిల్లలతో రోజుకు పది కిలోమీటర్లు నడిచే తల్లికి పాలు ఎక్కడివి? షెడ్డు వేసి, సుబాబుల్, పల్లికట్టె, దాణా చేతికందేలా పెట్టుకుని, ఈనే వేళకు దగ్గర ఒక మనిషిని ఉంచగలిగినవాళ్లు తెచ్చుకోవచ్చు, రక్తపరీక్ష కాగితంతో సహా. వాళ్లకు అది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

మేమైతే ఈసారి కొనలేదు. మే నెలంతా మా పొట్టేలును మధ్యాహ్నం పూట వేపచెట్టు కింద కట్టేశాం, రెండు పూటలా నీళ్లు చల్లాం. మృగశిర వానలకు కంచెలో పచ్చిక లేస్తోంది. వచ్చే వారం మందలోకి వదులుతాం. సాయంత్రం కాగానే మా నాయన డబ్బాతో జొన్నలు కొలుస్తున్నాడు, ఆ చప్పుడు వినగానే బక్కగొర్రెలే ముందు పరుగెత్తుకొస్తున్నాయి.