క్లోజపిన్ లెవెల్ అని చెప్పి డ్రగ్ స్క్రీన్ చేసి పంపారు, జాగ్రత్త

ఇంట్లో ఎవరైనా క్లోజపిన్ (స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బులకు ఇచ్చే మందు) వాడుతుంటే ఇది తప్పకుండా చదవండి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటామని ఫోన్ తెరిస్తే చాలు యాడ్‌లు వేసే ల్యాబువాళ్ల గురించే చెబుతున్నా. పేరు రాయను, మీకు తెలిసే ఉంటుంది.

మా తమ్ముడికి ఎవరూ లేకపోయినా మాటలు వినబడటం మళ్లీ మొదలైంది. డోసు పెంచేముందు రక్తంలో మందు ఎంత ఉందో చూద్దామన్నారు డాక్టర్ గారు. బుక్ చేసేటప్పుడే మందు పేరు చెప్పాను, ప్రిస్క్రిప్షన్ ఫొటో కూడా పంపాను. "అన్నీ వస్తాయి మేడమ్" అన్నారు. తీరా రిపోర్ట్ వచ్చాక చూస్తే పైన 'డ్రగ్ స్క్రీన్' అని, కింద 'నెగెటివ్' అని ఉంది.

ఇదేంటని ఫోన్ చేశాను. ఆ మనిషి అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. "నెగెటివ్ అంటే మీ పేషెంట్ మాత్రలు వేసుకోవట్లేదనే మేడమ్. ఇలాంటివాళ్లు నాలుక కింద దాచుకుని ఉమ్మేస్తారు, మీకు తెలీదు." ఫోన్ స్పీకర్‌లో ఉంది. తమ్ముడు పక్కనే కూర్చుని అంతా విన్నాడు. రోజూ రాత్రి నా ఎదురుగానే మాత్ర మింగి, నేను అడక్కముందే నోరు తెరిచి చూపించేవాడు వాడు. ఏమీ అనకుండా లేచి లోపలికెళ్లి, డ్రాయర్‌లోని ఖాళీ స్ట్రిప్పులన్నీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "లెక్కపెట్టుకో అక్కా" అన్నాడు.

రిపోర్ట్ రెండో పేజీలో అసలు సంగతి ఉంది. వాళ్లు వెతికింది గంజాయి, ఓపియేట్లు, యాంఫెటమైన్లు, బెంజోడయాజిపైన్లు లాంటి మత్తుమందుల కోసం. క్లోజపిన్ ఆ జాబితాలోనే లేదు! అసలు వెతకని మందు దొరకలేదని చెప్పి నా తమ్ముణ్ణి అబద్ధాలకోరును చేశారు. అదే నిలదీస్తే "మీరు అడిగింది మందుల టెస్టే కదా" అని ఫోన్ పెట్టేశారు. డబ్బులు తిరిగివ్వరట.

మామూలు డ్రగ్ స్క్రీన్‌లో క్లోజపిన్ లాంటి యాంటీసైకోటిక్ మందుల కోసం చూడరని డాక్టర్ గారు చెప్పారు. దీనికి కావలసింది క్లోజపిన్ లెవెల్ అనే వేరే పరీక్ష. రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి డోసు వేసుకోకముందు రక్తం తీయాలి. మా ఇంటికొచ్చిన కుర్రాడు మధ్యాహ్నం వచ్చాడు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారని ఒక్క మాటైనా అడగలేదు. సాధారణంగా మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటితే మందు బాగా పనిచేసే అవకాశం ఎక్కువని చూస్తారు. సరైన పరీక్షలో అంతకన్నా తక్కువ వచ్చినా మనిషి మాత్రలు ఎగ్గొడుతున్నాడని తేల్చేయకూడదు. సిగరెట్ పొగ వల్ల కాలేయం ఈ మందును త్వరగా కరిగించేస్తుంది, అప్పుడూ లెవెల్ పడిపోతుంది. అదే సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే లెవెల్ ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇవేవీ అడగకుండా ఫోన్‌లో తీర్పు చెప్పడానికి ఆ మనిషికి ఏం హక్కుంది?

బుక్ చేసేముందు పరీక్ష పేరులో మీ మందు పేరు ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈ మందు వల్ల తెల్లరక్తకణాలు తగ్గుతున్నాయేమో చూడటానికి క్రమం తప్పకుండా చేయించే సీబీసీ అనే రక్తపరీక్ష వేరు, ఇది వేరు. రిపోర్ట్ ఏం వచ్చినా ముందు డాక్టర్‌కు చూపించండి, మీ అంతట మీరు డోసు మార్చకండి. ల్యాబువాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టకండి.