పెరట్లో చెక్క అరుగు: నాలుగేళ్ళు వాడాక నా పనిముట్ల సంగతి

మా ఇల్లు విశాఖ సాగర్ నగర్‌లో, బీచ్ రోడ్డుకు కాస్త లోపలికి. నాలుగేళ్ళ కిందట పెరట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో చెక్క అరుగు సొంతంగా కట్టుకున్నాను. ఇప్పుడందరూ డెక్ అంటున్నారే, అదే. అప్పుడు కొన్న పనిముట్లనే తర్వాత గేటుకీ, మంచాల రిపేరుకీ వాడుతూ వచ్చాను. ఏది పనికొచ్చిందో, ఏది దండగో ఇప్పుడు చెప్పగలను.

అన్నిటికంటే ఎక్కువ ఆదుకున్నది స్క్రూలు బిగించే మిషన్, ఇంపాక్ట్ డ్రైవర్. ఇంట్లో డ్రిల్ మిషన్ ఉంది కదా అని మొదట దాంతోనే స్క్రూలు బిగించడం మొదలుపెట్టాను. చెక్కేమో నల్లమద్ది, చాలా గట్టిది. పదో స్క్రూకే తల అరిగి బిట్టు జారిపోతోంది, మణికట్టు పీకేస్తోంది. 23 పలకలు, కింద 16 అంగుళాలకొకటి చొప్పున 10 దూలాలు, పలక దూలాన్ని దాటే ప్రతిచోటా రెండేసి. అంటే 460 స్క్రూలు! మర్నాడే 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చాను. అది తిప్పుతూనే లోపల టకటకా దెబ్బలు వేస్తుంది కాబట్టి చేతికి మెలి తగలదు. అయినా 5 మి.మీ. స్క్రూకి ముందు 4 మి.మీ. కన్నం వేసుకోవాల్సిందే, లేదంటే తల తెగి ఊడొస్తుంది. కన్నానికి డ్రిల్, బిగించడానికి డ్రైవర్, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పని చకచకా సాగుతుంది.

స్క్రూల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. జింకు పూత ఉన్నవి చాలని షాపులో చెబితే అవే వేశాను. రెండో వానాకాలానికి ఒక్కో స్క్రూ చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరక. మద్ది చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుము తగిలి తడిస్తే నల్లబడిపోతుంది. అన్నీ ఊడదీసి స్టార్ తల ఉన్న 316 గ్రేడు స్టెయిన్‌లెస్ వేశాను. 304 కాస్త చవకే, కానీ ఉప్పుగాలికి దాని మీదా గోధుమ రంగు మచ్చలు తేలతాయి. 316లో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకు అదే నిలుస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఈ ఒక్కచోట మాత్రం డబ్బు చూసుకోవద్దు.

మట్టం చూడటానికి నాలుగడుగుల స్పిరిట్ లెవెల్ కొన్నాను. పక్కింట్లో పని చేస్తున్న తాపీ మేస్త్రి గోడ మీంచి చూసి, నీళ్ళ గొట్టం తెచ్చి చేతికిచ్చాడు. దాని రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక మూల ఆయన, ఎదురు మూల నేను. గుర్తు పెట్టబోతుంటే ఆపాడు. “బాబూ, గొట్టంలో బుడగుంది. ముందది తియ్యండి.” వేలితో గొట్టాన్ని తట్టుకుంటూ పోతే బుడగ మెల్లగా పైకొచ్చింది. మళ్ళీ చూస్తే నీళ్ళు ముందు చూసినదానికి అర అంగుళం తేడాగా నిలబడ్డాయి. నాలుగు మూలలూ కలపాలంటే నేటికీ నా నమ్మకం ఆ గొట్టం మీదే. పలకల మధ్య 5 మి.మీ. సందు కోసం కూడా ఏమీ కొనలేదు, 5 మి.మీ. డ్రిల్ బిట్లు రెండు అడ్డం పెట్టాను.

కోతకు 7 అంగుళాల సర్క్యులర్ సా, అంటే చేత్తో తోసే గుండ్రటి బ్లేడు కరెంటు రంపం, చాలు. 40 పళ్ళ కార్బైడ్ బ్లేడు వేసి, మూలమట్టాన్ని పలకకు ఆనించి దాని వెంబడి తోస్తే కోత తిన్నగా వస్తుంది. ఒకచోట నిలిపి కోసే మైటర్ సా కూడా కొన్నాను కానీ 12 అడుగుల బరువు పలకను దాని దగ్గరికి మోసుకెళ్ళడం కంటే రంపాన్నే పలక దగ్గరికి తీసుకెళ్ళడం తేలిక. ఏడాది తిరక్కుండా అమ్మేశాను.

ఆ సర్క్యులర్ సా విషయంలోనే ఒకటి గట్టిగా చెప్పాలి. మూడో ఏట బ్లేడు గార్డు, అంటే బ్లేడును కప్పే తొడుగు, దాని స్ప్రింగు తుప్పు పట్టి, కోత అయ్యాక గార్డు సగంలో ఆగిపోయింది. తిరుగుతున్న బ్లేడు నా మోకాలి పక్కనే ఉంది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అప్పట్నుంచి ప్లగ్గు పెట్టకముందే గార్డు వెనక్కి లాగి వదిలి చూస్తాను, టక్కున మూసుకోకపోతే ఆ రోజు కోత లేదు. నెలకోసారి స్ప్రింగుకి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తాను. బ్యాటరీ కొసలు కూడా పొడిగుడ్డతో తుడుస్తాను, వాటి మీద పచ్చటి పొర పేరుకుంటుంది.

డ్రైవర్‌తో వచ్చిన రెండు బ్యాటరీల్లో ఒకటి ఇప్పుడు సగం పనికే చేతులెత్తేస్తోంది. డ్రైవర్ మాత్రం కొన్నప్పటిలాగే ఉంది. ఈ దసరాకి ఒక్క బ్యాటరీ కొంటే, అరుగుకు మెట్లు మొదలుపెట్టొచ్చు.