ఓపెన్‌ఎల్‌డ్యాప్ రెప్లికేషన్: ఆరేళ్ల వాడకం తరువాత

మేము నడిపే మెయిల్ సర్వర్లు రెండు, దూరంగా ఉన్న రెండు కార్యాలయాల్లో. ఖాతాల డైరెక్టరీ మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉండాలి. ప్రత్యేక లైను లేదు, ఉన్న దారి ఇంటర్నెట్టే. ఆరేళ్లుగా ఈ పనిని ఓపెన్‌ఎల్‌డ్యాప్ అనే డైరెక్టరీ సర్వర్‌లోని సింక్‌రెప్ల్ చేస్తోంది. మూల సర్వర్‌లోని మార్పులను నకలు సర్వర్‌కు చేర్చే (రెప్లికేషన్) ఏర్పాటు ఇది. నాకు నచ్చింది, ఇకముందూ దీన్నే వాడతాను.

ఇందులో మార్పులను నకలు సర్వరే వచ్చి అడిగి తీసుకుంటుంది. అందువల్ల మూల సర్వర్ వైపు ఒక్క పోర్టు తెరిస్తే చాలు. లింకు కొన్ని గంటలు పడిపోయినా, తిరిగి రాగానే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ పక్కనే ఉన్న నకలును చూస్తుంది కాబట్టి ఆలోగా మెయిల్ ఆగదు.

ఆ ఆగకపోవడమే ఒకసారి నన్ను పెద్ద చిక్కులో పడేసింది. రెండో ఏడాది, సర్వర్ గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్ గడువు తీరింది. నకలు సర్వర్ కనెక్షన్‌ను నిరాకరించింది. అది చేయవలసిన పనే. మెయిల్ మాత్రం పాత డైరెక్టరీతో నిక్షేపంగా నడిచింది. తొమ్మిది రోజుల తరువాత, కొత్త ఉద్యోగికి పంపిన ఉత్తరం 550 (అలాంటి చిరునామా లేదు) లోపంతో తిరిగి వచ్చినప్పుడు గానీ సంగతి తెలియలేదు. అంతకంటే భయపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను మూలంలో తొలగించినా, అవతల అది ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

అప్పటి నుంచి రెండు వైపుల కాంటెక్స్ట్‌సీఎస్‌ఎన్ (డైరెక్టరీలో చివరి మార్పును సూచించే ముద్ర) విలువలను 5 నిమిషాలకోసారి పోల్చే స్క్రిప్టు పెట్టాను. అయితే మార్పులే లేని రోజున, లింకు తెగినా ఆ రెండూ సమానంగానే కనిపిస్తాయి. అందుకే మూలంలోని ఒక ఎంట్రీలో 10 నిమిషాలకోసారి సమయం రాయిస్తాను. ఈ ఏర్పాటు లేకుండా దీన్ని ఎవరూ వాడవద్దని గట్టిగా చెబుతాను.

సింక్‌రెప్ల్ సెట్టింగుల్లో, కనెక్షన్‌ను టీఎల్‌ఎస్‌తో గుప్తీకరించమనే స్టార్ట్‌టీఎల్‌ఎస్ దగ్గర ‘యస్’ అని కాక ‘క్రిటికల్’ అని రాయండి. లేకపోతే టీఎల్‌ఎస్ కుదరకపోయినా కనెక్షన్ సాగిపోతుంది, పాస్‌వర్డ్ హ్యాష్‌లు దారిలో బట్టబయలవుతాయి. నకలు సర్వర్ లాగిన్ అయ్యే రెప్లికేషన్ ఖాతాకు సైజు పరిమితి (ఒక్కసారికి ఇచ్చే ఎంట్రీల సంఖ్య) తీసేయండి. మామూలుగా అది 500, మొదటి రోజు నా నకలు సరిగ్గా అక్కడే ఆగింది. మార్పులు లేని వేళ ఫైర్‌వాల్ కనెక్షన్‌ను మౌనంగా మరిచిపోతుంది కాబట్టి కనెక్షన్ బతికే ఉందని అప్పుడప్పుడు పలకరించే కీప్‌అలైవ్ కూడా పెట్టాలి.

రెండు వైపులా రాసే పద్ధతి కొన్ని నెలలు ప్రయత్నించి మానుకున్నాను. ఒకే ఖాతాను ఇద్దరు మార్చితే చివరిదే నిలుస్తుంది, మొదటివారికి ఆ విషయం తెలియదు.

పెద్ద గ్రూపులు ఉంటే మాత్రం, మారిన భాగాన్నే పంపే డెల్టా పద్ధతికి మారండి. మామూలు పద్ధతిలో ఒక్క సభ్యుణ్ని చేర్చినా గ్రూపు మొత్తం మళ్లీ ప్రయాణిస్తుంది. నాలుగో ఏడాది మారాక మా లింకు మీద భారం కళ్లకు కనిపించేంతగా తగ్గింది.