తొమ్మిదేళ్ల లూప్, పాత రాగి సెంట్లు: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

లూప్, అంటే కంటికి దగ్గరగా పెట్టి చూసే చిన్న భూతద్దం, కొని తొమ్మిదేళ్లయింది. పది రెట్లు పెద్దగా చూపించే ట్రిప్లెట్ రకం, అంటే మూడు కటకాలు అతికించి చేసింది. 35 డాలర్లు పెట్టాను. తర్వాత ఏడు రెట్లది ఇంకోటి, ఆపైన ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్ వచ్చి చేరాయి. మూడింటితోనూ చేసే పని ఒకటే. 1793 నుంచి 1814 దాకా అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన పెద్ద రాగి సెంట్లు ఏ డై జత (నాణేనికి రెండు వైపులా ముద్ర వేసే ఉక్కు అచ్చులు) నుంచి వచ్చాయో పోల్చుకోవడం. ఈ మూడింట్లో నా చెయ్యి ముందుగా వెళ్లేది ఏడు రెట్ల దాని మీదికే.

ఆ రోజుల్లో డై మీద అక్షరాలు, అంకెలు, ఆకులు, కాయలు చాలావరకు ఒక్కొక్కటీ పంచ్ పెట్టి చేత్తో కొట్టేవాళ్లు. ఉక్కు సరిగా కుదరక డైలు తొందరగా పగిలేవి, మళ్లీ కొత్తవి చేసుకునేవాళ్లు. అందుకే ఒకే ఏడాది సెంట్లలో కూడా ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఈ పాత సెంట్లను పరిశోధించిన విలియం షెల్డన్ ఒక్కో డై జతను ఒక రకంగా లెక్కేసి, ఈ రకాలకు ఎస్-1 నుంచి ఎస్-295 దాకా నంబర్లిచ్చాడు. నాణేల నాణ్యతను 1 నుంచి 70 దాకా కొలిచే పద్ధతి కూడా ఈ రాగి సెంట్ల కోసం ఆయన పెట్టిందే. ఇప్పుడు బంగారానికీ వెండికీ కూడా అదే వాడుతున్నారు.

మైక్రోస్కోప్ వచ్చిన రోజు పండగే. 1798 సెంటు ఒకటి దాని కింద పెట్టాను. ఆ ఒక్క ఏడాదికే ఎస్-144 నుంచి ఎస్-187 దాకా నలభైకి పైగా రకాలున్నాయి. తెర మీద 8 అంకె గుమ్మడికాయంత కనబడింది. చూడముచ్చటగానే ఉంది, పనికి మాత్రం రాలేదు. నాకు కావలసింది ఆ 8 బొమ్మలోని స్త్రీ భుజానికి ఎంత దగ్గరగా ఉంది, లిబర్టీ అక్షరాలు ఆమె జుట్టు మీద ఎక్కడ పడ్డాయి, బొరుసు వైపు ఆకు కొన ఏ అక్షరం కిందకు వచ్చింది అన్నది. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సినవి. సెంటు వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు. పది రెట్ల దాంట్లో కూడా అది ఒక్క చూపులో పట్టదు. పైగా పది రెట్ల లూప్‌ను నాణేనికి ఒక అంగుళం దూరంలో పట్టుకోవాలి, అప్పుడు మన తల నీడే అడ్డం. ఏడు రెట్లదైతే ఇంకాస్త పైనుంచి చూడొచ్చు, పక్కనుంచి దీపం వెలుగు దూరుతుంది. మైక్రోస్కోప్‌ను ఇప్పుడు మా అబ్బాయి చీమల్ని చూడటానికి వాడుతున్నాడు.

వెలుగు సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఒకే దీపం, పక్కనుంచి, వంగి పడాలి. దీపాన్ని కదపకుండా నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. డై పగులు సన్నటి గట్టులా ఉబ్బి ఉంటుంది. వెలుగు దానికి అడ్డంగా పడితే వెంట్రుకలా మెరుస్తుంది, పొడుగునా పడితే అక్కడేమీ లేనట్టే ఉంటుంది. కింద మెత్తటి తువ్వాలు పరుచుకోండి, చెయ్యి జారని వాళ్లుండరు.

లెన్స్ ఎంత మంచిదైనా తొందరపాటుకు మందు లేదు. ఒక నాణేల ప్రదర్శనలో అరిగిపోయిన 1801 సెంటు కనబడింది. లూప్ పెడితే బొరుసు వైపు, సెంటు డాలర్‌లో నూరో వంతని చెప్పే భిన్నంలో 1/100 బదులు 1/000 ఉంది. గుండె ఆగినంత పనైంది. ఎస్-219 అని తీర్మానించేశాను, 'మూడు తప్పుల' సెంటు. భిన్నం తప్పు, ఆకుల దండకు రెండు కాడలు ఉండాల్సిన చోట ఒకటే, యునైటెడ్‌లోని యూ మొదట తలకిందులుగా కొట్టి దిద్దడం వల్ల రెండు ఐ (I) అక్షరాల్లా కనబడుతుంది. అడిగినంతా ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి ఏడు రెట్ల దాని కింద చూస్తే కాడలు రెండూ శుభ్రంగా ఉన్నాయి, యూ కూడా సరిగానే ఉంది. ఒక్క భిన్నమే తప్పుగా ఉన్న ఎస్-220 అది. మిగతా రెండు గుర్తులూ వేలెడు దూరంలోనే ఉన్నా చూడలేదు. అమ్మినతను ఏ రకమనీ చెప్పలేదు కాబట్టి అతన్ని అనడానికీ లేదు.

పది రెట్ల లూప్ డబ్బు గిట్టించింది 1804 సెంటు విషయంలో. ఆ ఏడాది అసలు సెంట్లన్నీ ఒకే డై జతవి, ఎస్-266. ఆన్‌లైన్‌లో కొన్న ఒక 1804 ఇంటికొచ్చింది. ముందు లెన్స్ లేకుండా పరీక్ష. బొమ్మ వైపు తేదీలోని 0 మీద బొటనవేలు, దానికి సరిగ్గా వెనకాల చూపుడువేలు పెట్టి తిప్పితే, బొరుసు వైపు 'ఆఫ్' (OF) అన్న మాటలోని O అక్షరం ఆ చూపుడువేలి కింద ఉండాలి. నాది అక్కడికి రాలేదు. అప్పుడు పది రెట్లతో 4 చుట్టూ చూస్తే లోహాన్ని గీకిన సన్నటి గీతలు, అంకె ఒంట్లో వేరే అంకె ఆనవాళ్లు కనబడ్డాయి, అంటే వేరే ఏడాది సెంటును 1804గా మార్చారన్నమాట. డబ్బు వెనక్కి రావడానికి ఆరు వారాలు పట్టింది.

లోపాలు కూడా చెప్పాలి. మూడో ఏడు తిరిగేసరికి లూప్ మడత దగ్గర స్క్రూ వదులైంది, చుక్క జిగురు వేసి లాగిస్తున్నాను. దాని లోహపు తొడుగు అంచు మహా పదును. తాడు కట్టి మెడలో వేసుకుని వంగితే అది ఊగి 1794 సెంటు బుగ్గ మీద తగిలింది. రెండు వందల ఏళ్లు ఏమీ కాని బుగ్గ మీద నా గీత పడింది. ఆ రోజే తాడు తీసేశాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏడు రెట్ల ట్రిప్లెట్ ఒక్కటి కొనుక్కోండి చాలు. పది రెట్లది నేను ఇంకా దాచుకున్నది ఎస్-48 కోసం. ఆ 1794 రకంలో బొరుసు వైపు అంచు చుట్టూ పళ్లలా ఉండే గీతల మధ్య 94 బుల్లి నక్షత్రాలు ఉన్నాయి, ఎందుకు కొట్టారో ఎవరికీ తెలియదు. ఎవరి డబ్బాలో 1794 కనబడినా తిప్పి అంచు చూస్తాను. ఇప్పటిదాకా దొరికినవన్నీ మురికి చుక్కలే.