శౌర్యచక్రనా, జీవన్ రక్షా పదకా: ఏది మేలు?

సాగర్ ఎడమ కాల్వలో కొట్టుకుపోతున్న పిల్లవాణ్ని ఎవరో ఒడ్డుకు చేర్చారనో, బాయిలో పడ్డ మనిషిని దిగి తీశారనో వార్త వచ్చిన ప్రతిసారీ నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి అదే ప్రశ్న: మావాడి పేరు శౌర్యచక్రకు పంపాలా, జీవన్ రక్షా పదక్‌కు పంపాలా?

అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర వరుస 1952లో పెట్టింది, రక్షణశాఖది. శత్రువుతో పోరులో కాకుండా చూపిన సాహసానికి ఇస్తారు, పౌరులకూ వస్తుంది. 1986లో కరాచీలో హైజాకర్ల బారి నుంచి ప్రయాణికులను తప్పిస్తూ ప్రాణం విడిచిన నీర్జా భనోత్‌కు దక్కింది అశోకచక్రే. జీవన్ రక్షా పదక్ 1961 నాటిది, హోంశాఖది. సర్వోత్తమ్, ఉత్తమ్, జీవన్ రక్షా అని మూడు మెట్లు. మునక, మంటలు, కరెంటు షాక్, గని ప్రమాదం వంటి వాటిలో ప్రాణం కాపాడినవారికి ఇస్తారు.

చాలామంది శౌర్యచక్రే పెద్దదనుకుంటారు. పతకాల వరుసలో సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్ పద్మశ్రీ తర్వాత, శౌర్యచక్రకు పైన ఉంటుంది. కాబట్టి పేరు చూసి ఆశపడొద్దు. ఎదుట ఆయుధం పట్టిన మనిషి ఉంటే శౌర్యచక్ర దారి చూడండి. ఎదుట ఉన్నది నీళ్లో, నిప్పో, కరెంటో అయితే జీవన్ రక్షా పదకే సరైనది. మన దగ్గర వచ్చే సంఘటనల్లో ఎక్కువ ఇవే.

ఇక అసలు తేల్చేది, ఎంతమందిని కాపాడాడన్నది కాదు, కాపాడినవాడి ప్రాణానికి ఎంత ముప్పు వచ్చిందన్నది. మెట్లు మారేది దాన్నిబట్టే: సర్వోత్తమ్‌కు అతి తీవ్రమైన ప్రాణాపాయం, ఉత్తమ్‌కు పెద్ద ప్రమాదం, మూడోదానికి తీవ్ర గాయమయ్యే పరిస్థితి. ఫైలు నీరసపడేదీ ఇక్కడే. 'ధైర్యంగా దూకి కాపాడాడు' అని రాస్తే ముప్పు ఎంతో తెలియదు. కాల్వ అయితే ఆ రోజు ఎంత నీరు వదిలారో ఇరిగేషన్ ఏఈ దగ్గర రాయించుకోండి. లోతు, ఎంత దూరం కొట్టుకుపోయారు, దూకినవాడికి ఈత వచ్చా రాదా రాయండి. బాయి అయితే లోతు, మెట్లున్నాయా, మోటరు పైపులు పట్టుకుని దిగాడా. కరెంటు అయితే లైను అప్పటికి ఆఫ్ అయిందా లేదా అన్నది విద్యుత్ శాఖ ఏఈ మాటగా ఉండాలి. (ఫ్యూజు తీసి కాపాడినవాడు తెలివైన పని చేసినట్టే. అందరూ చేయాల్సింది అదే. కానీ ఆ ఫైలులో కాపాడినవాడికి ముప్పు కనబడదు.) వీటికి పోలీస్ స్టేషన్ నమోదు, ఆస్పత్రి చీటీ, బతికినవారి వాంగ్మూలం, కళ్లారా చూసిన ఇద్దరి సంతకాలు జతచేయాలి.

శవాలను వెలికితీసే గజ ఈతగాళ్ల సేవకు నేను దండం పెడతాను, కానీ ఈ పతకం ప్రాణం నిలిపినందుకు. పోలీసులు, ఫైర్ సిబ్బంది డ్యూటీలో చేసినదానికి అర్హులు కారు. సెలవులో ఉండి దూకితే అర్హులే. కాపాడుతూ చనిపోయినవారికి మరణానంతరం కూడా ఇస్తారు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లకు ఈ సంగతి చెప్పేవారే ఉండరు, ఊరివాళ్లే పూనుకోవాలి.

పిల్లలైతే 5 నుంచి 18 ఏళ్లవారికి ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కార్‌లో సాహసం విభాగం ఉంది. హోంగార్డులకు వేరే పతకాలున్నాయి.

జీవన్ రక్షా పదక్‌కు గడువు సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు, అది దాటితే తీసుకోరు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇచ్చి, రసీదు నంబరు రాసి పెట్టుకోండి. ఫైలు కలెక్టరేట్ నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి ఢిల్లీకి పోవాలి గనుక మొదటి నెలలోనే కదలండి. ఆలస్యమైతే సాక్షులు వలస పోతారు, ఆస్పత్రి చీటీ దొరకదు.