బయోస్‌ ఇచ్చిన పీసీఐ చిరునామాలు అలాగే ఉంచాలా, కెర్నెల్‌తో మళ్లీ పంచాలా: ఏది మేలు?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత సర్వర్‌ నెట్‌వర్క్‌ కార్డులు చవగ్గా దొరుకుతాయి. అలాంటి రెండు పోర్టుల కార్డును మామూలు డెస్క్‌టాప్‌ బోర్డులో పెట్టి, ఎస్‌ఆర్‌-ఐఓవీ (ఒకే కార్డును చాలా వర్చువల్‌ కార్డులుగా చూపే పద్ధతి) కింద వర్చువల్‌ ఫంక్షన్లు తెరవబోతే చాలాసార్లు కుదరదు. లైనక్స్‌ కెర్నెల్‌ లాగ్‌లో "నాట్‌ ఎనఫ్‌ ఎంఎంఐఓ రిసోర్సెస్‌" అని పడుతుంది, అంటే కార్డు రిజిస్టర్లకు ఇవ్వడానికి మెమరీ చిరునామాల్లో చోటు చాలలేదని. ఎందుకో లెక్క కడితే తెలిసిపోతుంది. ఒక్కో ఫంక్షన్‌కు 16 కేబీ బార్లు (బార్‌ అంటే డివైస్‌కు ఏ చిరునామాల్లో చోటిచ్చారో రాసే రిజిస్టర్‌, ఆ చోటు కూడా) రెండు కావాలనుకోండి. 64 ఫంక్షన్లంటే పోర్టుకు 2 ఎంబీ, కార్డుకు 4 ఎంబీ. ఎస్‌ఆర్‌-ఐఓవీ సంగతి తెలియని బయోస్‌ (కెర్నెల్‌ కంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్‌) ఈ 4 ఎంబీని లెక్కలోకే తీసుకోదు. కార్డుకు పైనున్న బ్రిడ్జి విండోను (ఆ బ్రిడ్జి కిందికి దాటించే చిరునామాల శ్రేణిని) మామూలు బార్లకు సరిపడా ఇచ్చి ఊరుకుంటుంది.

ఇక్కడ రెండు దారులున్నాయి: బయోస్‌ పంచినదాన్ని ముట్టుకోకుండా సర్దుకోవడం, లేదా కెర్నెల్‌తో మళ్లీ పంచించడం.

ఎక్స్‌86 మీద లైనక్స్‌ మామూలుగా నడిచేది మొదటి దారినే. బార్లలో బయోస్‌ రాసిన విలువలు చదివి, వాటిని తన రిసోర్స్‌ చెట్టులో నమోదు చేసుకుంటుంది. వేరేదానితో ఢీకొన్నవాటికీ, బయోస్‌ వదిలేసినవాటికీ మాత్రమే కొత్త చోటు వెతుకుతుంది. ఇది బద్ధకం కాదు. కెర్నెల్‌కు తెలియని వాడకందార్లు ఆ చిరునామాల మీద ఉండవచ్చు. బూట్‌ మొదట్లో తెరమీద అక్షరాలు చూపే ఈఎఫ్‌ఐ ఫ్రేమ్‌బఫర్‌నే తీసుకోండి. ఫర్మ్‌వేర్‌ దానికి గ్రాఫిక్స్‌ కార్డు బార్‌ లోపలి చిరునామా ఒకటి ఇస్తుంది. ఆ బార్‌ కదిలితే రాతలు పాత చోటికే పోతాయి: తెర గడ్డకట్టినట్టు ఆగిపోతుంది, మెషిన్‌లోకి మాత్రం నెట్‌వర్క్‌ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌లో హాయిగా వెళ్లొచ్చు. బార్‌ కదిలిందని గమనించి ఫ్రేమ్‌బఫర్‌ చిరునామా సరిదిద్దే కోడ్‌ కెర్నెల్‌లో ఉంది. కానీ పీసీఐ సీరియల్‌ కార్డు మీద పెట్టుకున్న తొలి కన్సోల్‌కైనా, ఎస్‌ఎంఎంలో (కెర్నెల్‌కు కనిపించకుండా నడిచే సీపీయూ మోడ్‌లో) నడిచే ఫర్మ్‌వేర్‌ కోడ్‌కైనా అలాంటి ఆసరా ఉంటుందని నమ్ముకోలేం. ఖాళీ అయిన చోటికి మరో డివైస్‌ వచ్చి చేరితే, ఆ రాతలు దాని రిజిస్టర్లలో పడతాయి. అలాంటి బగ్‌ వెతకడం నరకం.

రెండో దారికి తలుపు "పీసీఐ=రియాలాక్‌" అనే బూట్‌ పారామీటర్‌. అన్నిటినీ చెరిపేసి మొదటినుంచి పంచుతుందని చాలామంది అనుకుంటారు; అలా కాదు. కిందున్న డివైస్‌లకు చాలని బ్రిడ్జి విండోలను విడిచి, పెద్దవి చేసి, మళ్లీ ప్రయత్నిస్తుంది. పై కార్డుకు సరైన మందు ఇదే. కెర్నెల్‌ బిల్డ్‌లో ఆటో ఆప్షన్‌ పెట్టి ఉంటే, ఎస్‌ఆర్‌-ఐఓవీ బార్లకు బయోస్‌ చోటివ్వనప్పుడు ఈ పని దానంతటదే జరుగుతుంది. పారామీటర్‌ పెట్టాక లాగ్‌లో బార్ల వరసలు, రూట్‌గా "ప్రోక్‌ ఐఓమెమ్‌" చూడండి. మామూలు యూజర్‌గా తెరిస్తే అన్నీ సున్నాలే కనిపిస్తాయి.

రియాలాక్‌ ఆదుకోలేని చోటు ఒకటుంది. 24 జీబీ గ్రాఫిక్స్‌ కార్డు మెమరీ మొత్తం ఒకే బార్‌లో కనిపించాలంటే 32 జీబీ బార్‌ కావాలి, ఎందుకంటే బార్‌ సైజు ఎప్పుడూ 2 యొక్క ఘాతమే (8, 16, 32 లాగా రెట్టింపవుతూ పోతుంది). బయోస్‌లో "అబవ్‌ 4జీ డీకోడింగ్‌" (4 జీబీ పైన చిరునామాలు ఇవ్వనిచ్చే సెట్టింగ్‌) ఆఫ్‌లో ఉంటే హోస్ట్‌ బ్రిడ్జికి (సీపీయూను పీసీఐతో కలిపేదానికి) ఇచ్చిన విండోలు సాధారణంగా 4 జీబీ కిందే ఉంటాయి. లేని చోటును కెర్నెల్‌ ఎక్కడినుంచి తెస్తుంది? ముందు బయోస్‌ సెట్టింగ్‌ మార్చండి, తర్వాతే పారామీటర్ల జోలికి వెళ్లండి.

ఈ దశలో విసిగిపోయి "పీసీఐ=నోసీఆర్‌ఎస్‌" పెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. 2008 నుంచి వచ్చిన బయోస్‌లలో హోస్ట్‌ బ్రిడ్జి విండోల వివరాన్ని కెర్నెల్‌ నమ్ముతుంది; ఈ పారామీటర్‌ ఆ వివరాన్ని పక్కన పడేస్తుంది. చిప్‌సెట్‌ పీసీఐ వైపు పంపని చిరునామాను డివైస్‌కు అంటగడితే, చదివిన ప్రతిసారీ అన్నీ ఒకట్లే వస్తాయి. డ్రైవర్‌ "డివైస్‌ లేదు" అంటుంది, తప్పు కార్డుది అనుకుంటాం.

ఆర్మ్‌ బోర్డుల్లో కథ తిరగబడుతుంది. ఎలక్ట్రానిక్‌ సిటీ, వైట్‌ఫీల్డ్‌ ల్యాబుల్లో బోర్డు బ్రింగప్‌ (కొత్త బోర్డును మొదటిసారి నడిపించడం) చేసేవాళ్లకు ఇది తెలిసినదే: డివైస్‌ ట్రీతో (బోర్డు హార్డ్‌వేర్‌ వివరాల పట్టికతో) బూట్‌ అయ్యే ఆర్మ్‌64లో యూబూట్‌ అనే బూట్‌లోడర్‌ రాసిన విలువలను పట్టించుకోకుండా కెర్నెల్‌ మొత్తం తానే పంచుతుంది. అక్కడ అదే మేలు. అప్పుడు చూడాల్సింది డివైస్‌ ట్రీలో పీసీఐ విండోలను చెప్పే "రేంజెస్‌". 64-బిట్‌ విండో ఒక్కటే ఇచ్చి, 4 జీబీ కింద ఏమీ వదలకపోతే, బ్రిడ్జి వెనకున్న ప్రీఫెచబుల్‌ (ముందే చదివేసినా ఇబ్బంది లేనివి) కాని బార్లకు దారి ఉండదు. బ్రిడ్జిలో అలాంటి బార్లకున్న విండో 32-బిట్‌దే. హైపర్‌వైజర్‌ ముందే చిరునామాలు బిగించిన గెస్టులో (వర్చువల్‌ మెషిన్‌లో) మాత్రం డివైస్‌ ట్రీ చూజెన్‌ నోడ్‌లో "లైనక్స్‌,పీసీఐ-ప్రోబ్‌-ఓన్లీ"కి 1 ఇచ్చి కదలకుండా ఆపవచ్చు. ఏసీపీఐతో (ఫర్మ్‌వేర్‌ ఇచ్చే హార్డ్‌వేర్‌ పట్టికలతో) వచ్చే ఆర్మ్‌ సర్వర్‌లో డీఎస్‌ఎం అనే ఏసీపీఐ మెథడ్‌ ఐదో ఫంక్షన్‌ సున్నా తిప్పి ఇస్తే, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని ఫర్మ్‌వేర్‌ చెప్పినట్టు.

హాట్‌ప్లగ్‌కు, అంటే మెషిన్‌ నడుస్తుండగానే కార్డు తగిలించడానికి, ఈ రెండు దారులూ చాలవు. డ్రైవర్‌ ఎక్కాక నడుస్తున్న డివైస్‌ బార్‌ను పక్కకు జరపడం కుదరదు కాబట్టి, చోటు ముందే అట్టిపెట్టాలి. హాట్‌ప్లగ్‌ బ్రిడ్జికి మెమరీ విండో డిఫాల్ట్‌ 2 ఎంబీయే. 256 ఎంబీ బార్‌ ఉన్న కార్డు తర్వాత తగిలించేదుంటే "హెచ్‌పీఎంఎంఐఓప్రెఫ్‌సైజ్‌"ను కనీసం 256ఎం చేసి, రియాలాక్‌ కూడా జతచేసి బూట్‌ చేయండి. బయోస్‌ బిగించిన చిన్న విండో పెరగాలంటే రెండూ ఉండాలి.